377 పోయినా ఆర్మీలో 46 ఉంది: గేగా సర్వీస్ చేసి పెన్షన్‌తో బయటపడిన నా అనుభవం

నేను గే. మాది శ్రీకాకుళం జిల్లా, మా ఊళ్ళో ఇంటికొక ఫౌజీ, అంటే సైనికుడు, ఉంటాడు, నేనూ అలాగే ఇంటర్ అవగానే ఆర్మీ రిక్రూట్‌మెంట్ ర్యాలీకెళ్ళి సెలెక్టయ్యా. పెన్షన్ సర్వీస్ పూర్తి చేసుకుని ఓన్ రిక్వెస్ట్ మీద డిశ్చార్జ్ తీసుకున్నా. ఇంకా సర్వీస్‌లో ఉన్న తమ్ముళ్ళు కొందరు ఎలా బయటికి వచ్చావన్నా అని అడుగుతున్నారు, విడివిడిగా చెప్పే ఓపిక లేక ఒకేసారి రాస్తున్నా.

2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు 377 మీద తీర్పిచ్చింది, పెద్దవాళ్ళు ఇష్టపడి చేసే స్వలింగ సంబంధం నేరం కాదంది కదా, ఇంకేం భయం అంటారు బయటివాళ్ళు. మనకి ఆర్మీ యాక్ట్ 1950 వేరే ఉంది బాబూ. అందులో సెక్షన్ 46లో అసభ్యమైన, అసహజమైన ప్రవర్తన అని ఉంటుంది, కోర్ట్ మార్షల్‌లో ఏడేళ్ళదాకా జైలు. అది కాకపోతే 63 ఉంది, డిసిప్లిన్‌కి భంగం అని, దాంట్లో ఏదైనా పట్టేస్తుంది. ఫౌజీల ప్రాథమిక హక్కులకి పార్లమెంట్ కోత పెట్టొచ్చని రాజ్యాంగంలోనే ఆర్టికల్ 33 ఉంది. తీర్పొచ్చిన నాలుగు నెలలకి, 2019 జనవరిలో, అప్పటి ఆర్మీ చీఫ్ బిపిన్ రావత్ గారు ప్రెస్ మీట్‌లో స్వలింగ సంబంధాలు ఆర్మీలో కుదరవని చెప్పేశారు. ఆ రాత్రి లంగర్‌లో, అంటే మా భోజనశాలలో, ప్లేట్ పట్టుకుని లైన్లో నిలబడ్డాం, ముందున్నోడు దాని మీద ఒక బూతు జోక్ వేశాడు, అందరూ నవ్వారు, నేనూ నవ్వా, అందరికంటే కాస్త గట్టిగానే నవ్వా.

అప్పటికే ఒకటి ఫిక్సయిపోయా, పదిహేనేళ్ళు పూర్తయ్యేదాకా నోరు తెరవకూడదని. జవాన్‌కి పదిహేనేళ్ళుంటేనే సర్వీస్ పెన్షన్. 2017లో మన వైజాగ్‌లోనే, ఐఎన్ఎస్ ఏక్సిలాలో చేస్తున్న సాబి గిరిని, ఆమె ట్రాన్స్ మహిళ, నాకంటే వేరే విషయమే అనుకోండి, నేవీ వాళ్ళు సర్వీస్ నో లాంగర్ రిక్వైర్డ్, అంటే నీ సేవలిక అక్కర్లేదు, అని తీసేశారు. ఏడేళ్ళ సర్వీస్. అంటే పెన్షన్ లేదు. పేపర్లో చదివి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ధైర్యం లేదా అంటారు కొందరు. ఇంటికి డబ్బు పంపాల్సింది నేనొక్కడినే, ధైర్యం సంగతి తర్వాత చూసుకుందాం అనుకున్నా, ఇప్పటికీ అదే కరెక్ట్ అంటాను.

యూనిట్లో కంటే ఇంట్లోనే ఎక్కువ కష్టం. ఛుట్టీకి (సెలవుకి) వచ్చిన ప్రతిసారీ ఒక సంబంధం రెడీగా ఉండేది. "ఒరే నాన్నా, పిల్ల డిగ్రీ చదివింది, ఓసారి చూసి రా" అని అమ్మ. జాతకం అనేవాణ్ణి, చెల్లి పెళ్ళి అవ్వనీ అనేవాణ్ణి, తర్వాత ఫీల్డ్ పోస్టింగ్ అనేవాణ్ణి. ఒక అమ్మాయి జీవితం మాత్రం పాడు చెయ్యదల్చుకోలేదు. అలా పెళ్ళి చేసేసుకుని క్వార్టర్స్‌లో కాపురం పెట్టినవాళ్ళు నాకు తెలుసు, వాళ్ళని తిట్టను గానీ ఆ ఆడపిల్లల మొహాలు చూశాను.

ఇక అసలు ప్రాసెస్. అప్లికేషన్‌లో కారణం రాయాలి. నిజం రాస్తే మీద చెప్పిన సెక్షన్లు, కాబట్టి ఇంటి సమస్యలు అని రాశా, అమ్మకి మోకాళ్ళు నిజంగానే బాలేవు, ఆ హాస్పిటల్ కాగితాలు జత చేశా. అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. సీఓ సాబ్ (మా కమాండింగ్ ఆఫీసర్) ఇంటర్వ్యూలో ఎక్స్‌టెన్షన్ తీసుకో, ప్రమోషన్ దగ్గర్లో ఉంది అన్నారు, మంచాయనే, చెప్పేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది కూడా, "నహీ సాబ్, ఘర్ మే కోయీ నహీ హై" (ఇంట్లో చూసుకునేవాళ్ళు లేరు) అనేసి సెల్యూట్ కొట్టి వచ్చేశా.

తర్వాత రికార్డ్ ఆఫీస్ నుంచి ఆర్డర్ రావడానికి నెలలు పట్టింది. రిలీజ్ మెడికల్ బోర్డ్, అంటే బయటికి పంపేముందు చేసే వైద్య పరీక్ష, అంటే నాకు చచ్చేంత భయం, ఆర్మీ ఆరోగ్య గ్రేడింగ్ షేప్ (SHAPE)లో మొదటి ఎస్ మానసిక ఆరోగ్యం కదా, ఏమడుగుతారో అని. నిద్ర పడుతుందా, తాగుతావా, అంతే, చెవులు కళ్ళు చూసి పంపించారు. నవ్వొచ్చింది ఎక్కడంటే పెన్షన్ కాగితాల దగ్గర, క్లర్క్ ఫైల్ తిరగేసి "జాయింట్ ఫోటో కహాఁ హై?" అన్నాడు, భార్యతో కలిసి దిగిన ఫోటో పెట్టాలి. పెళ్ళి కాలేదంటే పైనుంచి కిందికి చూసి, అంత అదృష్టవంతుడివా అని సింగిల్ ఫోటో అంటించాడు, నా ముఖం సగం స్టాంపు కింద పోయింది.

పీపీఓ (పెన్షన్ మంజూరు ఆర్డర్) చేతికొచ్చాక, చివరి జీతంలో సగం నెలనెలా పడుతుందని తెలిశాకే నేను గే అని చెల్లికి చెప్పా. అమ్మకి చెప్పలేదు.

ఇప్పుడు నేనూ నా పార్ట్‌నరూ వైజాగ్‌లో ఒకే ఇంట్లో ఉంటున్నాం, ఓనర్‌కి మేం కజిన్స్. నాకేమన్నా అయితే ఫ్యామిలీ పెన్షన్ తనకి రాదు, 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు మన పెళ్ళిళ్ళకి గుర్తింపు లేదనేసింది కదా. కానీ జాయింట్ అకౌంట్‌కి, నామినీకి అడ్డేమీ లేదని 2024 ఆగస్టులో ఆర్థిక శాఖ చెప్పింది, ఈ ముక్క చాలామందికి తెలీదు, వెంటనే వాడుకోండి. మేం పెన్షన్ అకౌంట్ కాకుండా వేరే సేవింగ్స్ తెరిచాం, సంబంధం అన్న కాలమ్‌లో ఫ్రెండ్ అని రాశా. ఊళ్ళో నా పేరు మీద ఎకరం ఉంది, నా జీతంతో కొన్నదే, దానికి వీలునామా రాయిస్తున్నా. ఇద్దరు సాక్షులు కావాలి. ఒకడు నా బ్యాచ్‌మేట్, అన్నీ తెలిసీ ఏనాడూ నోరు జారనివాడు, ఎప్పుడంటే అప్పుడు వస్తానన్నాడు. రెండోవాడిని వెతకాలి.