కడుపునొప్పి, కానీ గ్యాస్ కాదు

బెంజ్ సర్కిల్ దాటాక ఆటో గుంతలో పడగానే బొడ్డుకు కుడిపక్క మళ్లీ చురుక్కుమంది. పొట్ట పట్టుకుని ముందుకు వంగిపోయాను. ఆటో అన్న అద్దంలో చూసి, "గ్యాస్ అయ్యుంటది మేడం, ఓ నిమ్మసోడా తాగండి, పోద్ది" అన్నాడు.

నవ్వొచ్చింది. మన బెజవాడలో ఏ నొప్పయినా ముందు గ్యాసే కదా!

తలలో ఎక్కువైన నీరు చెవి వెనక నుంచి మెడ, ఛాతీ మీదుగా చర్మం కింద డాక్టర్లు అమర్చిన షంట్ అనే సన్నటి గొట్టంలో పొట్టలోకి దిగుతుందని, దాని కొస లోపలెక్కడో గుచ్చుకుంటున్నట్టుందని ఆయనకి సిగ్నల్ పడేలోపు ఎలా చెప్పను? "అలాగే అన్నా" అన్నాను.

తల దువ్వుకునేటప్పుడు చెవి వెనక ఆ గొట్టానికున్న వాల్వ్ ఉబ్బెత్తుగా చేతికి తగులుతుంది. అది అలవాటైపోయింది. పొట్టే ఇంకా అలవాటు పడలేదు. స్కాన్‌లో అంతా బాగానే ఉందట. మరి నాకెందుకీ తిప్పలంటే, "కొంతమందికి ఉంటుందమ్మా" అంటారు డాక్టరుగారు.

మలబద్ధకం ఉన్న రోజు మరీ నరకం. పొట్టలో ఒత్తిడి పెరిగితే షంట్ నీరు దిగడం కూడా మందగించవచ్చట. అందుకే నీళ్లు, అరటిపండ్లు, ఆకుకూరలు. (ఆవకాయ మాత్రం మానలేదు, అడక్కండి.)

జ్వరం, వాంతులు, తలనొప్పి, మత్తుగా పడుకోవడం, పొట్ట ఉబ్బడం... వీటిలో ఏది కనిపించినా ఆలోచించకుండా ఆసుపత్రికి రమ్మన్నారు. అప్పటినుంచి నేను మధ్యాహ్నం కాసేపు కునుకు తీసినా అమ్మకి టెన్షనే, లేపి మరీ పలకరిస్తుంది.

సోమవారం మళ్లీ చూపించుకోవాలి. నొప్పి ఎప్పుడెప్పుడు వస్తోందో ఈసారి కాగితం మీద రాసుకెళ్తున్నా. ఆయన ఎదురుగా కూర్చోగానే నాకు ఒక్కటీ గుర్తుండదు మరి.