ఓం మాస్టారి కుడి చెవి

"మన పదో తరగతి బ్యాచి సన్మాన సంచికకి రెండు పేజీలు రాసి పంపు. ఫోటో కూడా పెట్టు, టై కట్టుకున్నదైతే మంచిది" అని మన క్లాసు లీడరు మెసేజ్ పెట్టాడు. టై ఉన్న ఫోటోలు 2016 తర్వాతవి నా దగ్గర లేవు. చొక్కా నిండా ఆక్రిలిక్ పొడి ఉన్నది ఒకటి ఉంది, అదే పంపుతున్నా. వ్యాసం రెండు పేజీలు దాటితే నాది కొయ్యకండి. పెన్నులోడు అమెరికా యాత్ర మీద రాసిందాంట్లో ఎంత కోసినా నష్టం లేదు.

ఏం రాయమంటావని అడిగితే "నీ గాడ్జెట్ల పిచ్చి, సాఫ్ట్‌వేరు వదిలేసిన కథ రాయి, మా పిల్లలకి ఇన్‌స్పిరేషన్‌గా ఉంటుంది" అన్నాడు. పిల్లల సంగతేమో గానీ, నాకు ఆ రెండూ ఒకే చోట మొదలయ్యాయి. రేకుల షెడ్డులో, తెల్లారగట్ల, మనం ఓం మాస్టారని పేరు పెట్టుకున్న సైన్సు మాస్టారి స్టడీ అవర్లో.

1985 చలికాలం. పదో తరగతికి పొద్దున్నే స్టడీ అవర్ పెట్టాలన్నారు. లెక్కల మాస్టారు రానన్నారు, తెలుగు మాస్టారు వస్తానని రాలేదు, చివరికి ఆ పని ఓం మాస్టారి నెత్తిన పడింది. కొన్నాళ్ళు మనచేత నోరు మూయించి చదివించారు. ఒకరోజు సంచిలోంచి పీవీసీ గొట్టం ముక్క, మోటారు వైండింగ్ షాపులో అడిగి తెచ్చిన ఎనామెల్ తీగ తీసి బల్ల మీద పెట్టి "పుస్తకాలు మూసెయ్యండి" అన్నారు. ఆయన నోట ఆ మాట మళ్ళీ ఎప్పుడూ వినలేదు.

రేడియో కట్టడానికన్నమాట. తీగ చుట్టింది ఆడపిల్లల బెంచీ. మగాళ్ళం చుట్టిన చుట్ట విప్పడానికే ఒక పూట పట్టింది కదా. స్టేషను పట్టే గ్యాంగ్ కండెన్సరు, తరంగంలోంచి మాటని విడదీసే ఓఏ 79 డయోడు మాస్టారు విజయవాడ గవర్నర్‌పేట వెళ్ళి సొంత డబ్బులతో కొనుక్కొచ్చారు. హెడ్‌ఫోను ఎక్కడిదో మాత్రం చెప్పలేదు. అది రైల్వేవాళ్ళదని, క్లాసులో మనం గ్రామఫోనని పిలిచేవాడు ఇవాళ్టికీ వాదిస్తాడు. ఏరియల్ జెండా కర్ర నుంచి చింతచెట్టు కొమ్మకి. చెట్టెక్కింది ఎవడో, దిగేటప్పుడు ఏం చిరిగిందో నేను రాయను, ఈ సంచిక వాడి భార్య కూడా చదువుతుంది. ఎర్త్ తీగ బోరింగు పంపుకి కట్టాం.

బ్యాటరీ లేదు, కరెంటు లేదు. ఎలా మోగుతుంది మాస్టారూ అని లీడరు అడిగాడు. "విజయవాడ రేడియోవాళ్ళు కిలోవాట్ల కొద్దీ గాల్లోకి వదులుతున్నారు కదరా. మనం చిటికెడు తీసుకుంటే వాళ్ళకేం తగ్గుతుంది?" అన్నారు. 837 కిలోహెర్ట్జ్ అని బోర్డు మీద రాసి కింద రెండు గీతలు కొట్టారు.

ఇద్దరేసి, చెరో చెవికీ హెడ్‌ఫోను, ఇరవై లెక్కపెట్టేదాకా. మొదటి జత మూడో బెంచీ కవలలు. వాళ్ళ మొహాలు తెల్లబోయాయి.

"ఏమొస్తోందిరా?"

"ఎవరో మంత్రాలు చదువుతున్నారు మాస్టారూ."

ఆరూ యాభై అయిదు. "ఇయం ఆకాశవాణీ. సంప్రతి వార్తాః శ్రూయంతామ్. ప్రవాచకః బలదేవానంద సాగరః." మన చేతులతో కట్టిన రేడియోలో మొదటగా పలికింది ఢిల్లీ నుంచి వచ్చే సంస్కృత వార్తలు! ఆ పూట నుంచి మనలో ఒకడు ప్రవాచకుడయ్యాడు. ఇప్పుడు పొద్దున్నే వాట్సాప్ గ్రూపులో వార్తలు చదివేది వాడే కాబట్టి పేరు నిలబెట్టుకున్నాడనే చెప్పాలి.

అందరి వంతులూ అయ్యాక ఆఖర్న మాస్టారు తీసుకున్నారు. హెడ్‌ఫోను కుడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. ఇరవై దాటింది. తెలుగు వార్తలు మొదలయ్యాయి. ఆయన తియ్యలేదు, ఎవరూ అడగలేదు. ఆయనకి ఎడమ చెవి వినపడదన్న సంగతి మనకి తెలిసిందే. ఆయన ఎడమ చేతి వైపు బెంచీలకి అంత గిరాకీ ఎందుకుండేదో కూడా తెలిసిందే.

తర్వాత పాలిటెక్నిక్. టీవీ రిపేర్లు. రామాయణం వచ్చే ఆదివారాలు పొద్దున నాకున్నంత డిమాండు మన ఊళ్ళో డాక్టరుకి కూడా లేదు. 1998లో అందరితోపాటు అమీర్‌పేట, మైత్రీవనం చుట్టుపక్కల కోచింగు, వైటూకే (2000 వస్తే కంప్యూటర్లు తేదీల దగ్గర తికమకపడతాయన్న గొడవ) పుణ్యమా అని ఉద్యోగం, మియాపూర్లో ఫ్లాటు, దాని లోను. ఆ ఏళ్ళ గురించి చెప్పడానికి నిజంగా ఏమీ లేదు. జీతం బాగుండేది. పిల్లని చదివించుకున్నాం, అదిప్పుడు డాక్టరీ చేస్తోంది.

జీతంతోపాటు గాడ్జెట్ల పిచ్చీ పెరిగింది. మనం బావగారని పిలిచేవాడి అన్నయ్య కువైట్ నుంచి తెచ్చిన క్యాషియో వాచీని క్లాసంతా వంతులేసుకుని కట్టుకున్నాం, గుర్తుందా? అప్పుడు పట్టుకున్న జబ్బు. వాక్‌మన్, పేజరు, నోకియా 3310, టార్చి ఉన్న 1100, పామ్ పైలట్, ఐపాడ్, కిండిల్, ఆ తర్వాత అడుగులూ గుండె దడా లెక్కపెట్టే వాచీలు. వాటిని దాచిన డ్రాయరుకి మా ఆవిడ సాలార్‌జంగ్ అని పేరు పెట్టింది. వాటిల్లో ఇప్పటికీ నాకు ముద్దొచ్చేది 1100 ఒక్కటే. కరెంటు పోతే దారి చూపించేది, కింద పడితే డొప్ప విడిపోయేది, మళ్ళీ నొక్కితే అతుక్కునేది.

మర్ఫీ రేడియో సెట్టున్న ఇంటి అరుగు మీద వార్తల వేళకి ఎవరైనా కూర్చోవచ్చు, ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. వాక్‌మన్ వచ్చాక ఆ చప్పుడు ఒక్కడి చెవిలోకి పోయింది. మా మియాపూర్ లిఫ్టులో ఆరుగురు ఎక్కితే ఆరుగురి చెవుల్లోనూ తెల్ల బుడిపెలే. నమస్కారమంటే ఒక బుడిపె పీకి "ఆఁ?" అంటారు. నా చెవుల్లోవి వాళ్ళందరికంటే ఖరీదైనవి, బయటి శబ్దాన్ని పూర్తిగా ఆపేసేవి. చెవిలో పెట్టుకునే వస్తువుకి ఇంకో రకం పని కూడా ఉంటుందని మా నాన్న వల్ల తెలిసింది.

నాన్నకి వినికిడి తగ్గితే హైదరాబాదులో మంచి మిషనే కొన్నాం. కొన్నాళ్ళకి అది బీరువా ఎక్కింది. "కుయ్యిమంటోందిరా, తల తిరుగుతోంది" అన్నాడు. కొన్నచోట అడిగితే కొత్త మోడల్ చూపించారు. ఓ ఆదివారం భూతద్దం పెట్టుకుని కూర్చున్నా. మిషనుకి ఏ జబ్బూ లేదు. చెవి వెనక నుంచి లోపలికి పోయే గొట్టం గట్టిపడి చిట్లింది, చెవిలో కూర్చునే అచ్చుకున్న రంధ్రంలో గుబిలి బిరడాలా కూర్చుంది. చెవిలోకి పోవాల్సిన చప్పుడు చిల్లులోంచి కారి మళ్ళీ మిషను మైకులోకే దూరుతోంది. మన వార్షికోత్సవంలో హెడ్‌మాస్టారు లేచినప్పుడల్లా మైకు కూసేదే, అదీ ఇదీ ఒకటే. గొట్టం మార్చి, గుబిలి తీసి పెట్టాను. నాన్న తలెత్తి చూసి "ఈ ఫ్యాను ఇంత గోల చేస్తుంటే ఇంట్లో ఎవరికీ పట్టదా?" అన్నాడు. వంటింట్లోంచి అమ్మ ఏదో అంది. నాన్న కూర్చున్నచోటు నుంచే జవాబిచ్చాడు. వాళ్ళిద్దరూ అలా మాట్లాడుకోవడం ఎప్పుడు ఆగిపోయిందో అసలు నేను గమనించనే లేదు.

వినికిడి యంత్రాలు బాగుచెయ్యడానికీ, చెవి అచ్చులు తయారుచెయ్యడానికీ ఏడాది డిప్లొమా ఉందని అప్పుడు తెలిసింది. మైసూరులో 1965 నుంచి ఉన్న అఖిల భారత వాక్ శ్రవణ సంస్థలాంటి చోట్ల నేర్పుతారు. రాజీనామా ఇస్తే మేనేజరు "స్టార్టప్పా?" అన్నాడు. "చెవి అచ్చులు" అన్నాను. హెచ్ఆర్ అమ్మాయి ఫారంలో ఏం రాయాలో తెలీక "వ్యక్తిగత కారణాలు" అని రాసుకుంది. మా అత్తగారు చాలాకాలం నన్ను అల్లుడుగారూ అనలేదు. క్లాసులో అందరూ మా అమ్మాయి ఈడువాళ్ళు. సోల్డరింగ్ పరీక్షలో మాత్రం వాళ్ళు నా బల్ల చుట్టూ మూగారు, ఓం మాస్టారి చలవ.

ఇప్పుడు తెనాల్లో చిన్న షాపు. పరీక్ష చేసేది, ఏ మిషను కావాలో రాసేది, దాన్ని ప్రోగ్రాం చేసేది ఆడియాలజిస్టు. నా పని ఆ వెనకది. చెవిలో ముందు దారం కట్టిన స్పాంజి ముక్క పెట్టాలి, లేకపోతే పేస్టు కర్ణభేరి దాకా పోతుంది. రెండు పేస్టులు కలిపి పిచికారీతో నింపి, గట్టిపడేదాకా ఆ మనిషిని మాట్లాడొద్దని బతిమాలాలి. మన జిల్లావాళ్ళని మాట్లాడొద్దనడం అన్నిటికంటే కష్టమైన పని. ఆ నమూనాని బట్టి అచ్చు పోసి, అరగదీసి, రంధ్రం వేసి గొట్టం బిగించాలి. ఒకరి అచ్చు ఇంకొకరికి పనికిరాదు. అంతెందుకు, ఒకే మనిషి కుడి చెవి అచ్చు ఎడమ చెవికి పట్టదు. నేను వాడిన పర్సనల్ గాడ్జెట్లన్నిట్లో ఆ పేరుకి తగింది ఇదొక్కటే అని నాకనిపిస్తుంది.

రేపల్లె ప్యాసింజరు దిగి వస్తారు, బాపట్ల నుంచి వస్తారు. రైసు మిల్లుల్లో చేసినవాళ్ళు ఎక్కువ. వాళ్ళ ఆడియోగ్రాంలో, అంటే వినికిడి పరీక్ష గ్రాఫులో, నాలుగు వేల హెర్ట్జ్ దగ్గర గుంట ఉంటుంది, చూడగానే మిల్లు మనిషని చెప్పెయ్యొచ్చు. వయసు వల్ల పోయేది కూడా ముందు సన్నని చప్పుళ్ళే. స, త, ప లాంటివి జారిపోతాయి. పప్పు, చెప్పు, తప్పు ఒకేలా వినపడతాయి. మనిషి మాట్లాడుతున్నట్టు తెలుస్తుంది, ఏమన్నాడో తెలీదు. ఇంట్లోవాళ్ళేమో అరుస్తారు. అరుపు వల్ల గోల పెరుగుతుంది, మాట తేటపడదు. పైగా ఆ పెద్దాయనకి తనని తిడుతున్నట్టు ఉంటుంది.

బ్యాటరీల గోల ఇంకోటి. 675 సైజుకి నీలం స్టిక్కరు, 13 సైజుకి నారింజ. స్టిక్కరు పీకితే గాలి లోపలికి వెళ్ళి జింకుతో కలిసి కరెంటు పుడుతుంది, కాబట్టి పీకాక ఒక నిమిషం ఆగి పెట్టాలి. ఎవరూ ఆగరు. పెట్టేసి, పనిచెయ్యడం లేదని ఫోన్ చేస్తారు. ఆ ఫోన్‌లో నేను చెప్పేది వాళ్ళకి వినపడదు.

2024లో యాపిల్‌వాళ్ళు ఎయిర్‌పాడ్స్ ప్రో 2కి వినికిడి యంత్రం పని కూడా నేర్పారు, అమెరికాలో మందులూ వైద్య పరికరాలూ చూసే ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది. స్వల్పం నుంచి ఓ మోస్తరు లోపం ఉన్న పెద్దవాళ్ళకి అది సరిపోతుంది. డల్లాస్‌వాడు అర్ధరాత్రి ఫోన్ చేసి "నీ షాపు మూసెయ్యి ఇక" అన్నాడు. నాకు సంతోషమే. మిషను పెట్టుకుంటే నలుగురూ చూస్తారని సిగ్గుపడే తాతల పక్కనే మనవలు రోజంతా చెవుల్లో బుడిపెలు పెట్టుకుని తిరుగుతున్నారు. ఆ సిగ్గు కాస్త వదిలితే నా షాపు పోయినా ఫరవాలేదు. కాకపోతే పెరిగిన లోపానికి అది చాలదు, రేపల్లె ప్యాసింజర్లో ఐఫోన్లూ అంతగా కనపడవు.

పోయిన ఏడాది ఓం మాస్టారు షాపుకి వచ్చారు, వాళ్ళమ్మాయితో. కుడి చెవి కూడా తగ్గింది. నన్ను గుర్తుపట్టలేదు. అచ్చు తీసేదాకా నేనూ చెప్పలేదు. మిషను బిగించాక ఎదురుగా కూర్చుని మామూలు గొంతుతోనే "ఇయం ఆకాశవాణీ" అన్నాను.

"ఒరేయ్," అన్నారు. "ఏ బెంచీ?"

"మీ ఎడమ పక్కదే మాస్టారూ, కిటికీ దగ్గర."

"అంటే మాటల బెంచీ. అవన్నీ నాకు వినపడేవిరా. గదిలో మాటకి ఒక్క చెవి చాలు. మిమ్మల్ని లేపితే పాఠం ఆగిపోతుందని ఊరుకునేవాణ్ణి."

అదీ సంగతి. మనం నాలుగు దశాబ్దాలుగా చెప్పుకుంటున్న జోకులన్నీ ఆయనకి అప్పుడే తెలుసు. ఆయనకి పెట్టిన పేరుతో సహా. ఆడపిల్లల బెంచీ గురించి గ్రామఫోను చేసిన వ్యాఖ్యలతో సహా. గ్రామఫోనూ, నువ్వు ముందు వరసలో కూర్చోకు.

తర్వాత మిషను తీసి లోపల చూపించమన్నారు. పాత మిషను ఒకటి విప్పి భూతద్దం ఇచ్చాను. చిన్న చిప్పు. "ఎమిటరేది? కలెక్టరేది?" అని ట్రాన్సిస్టరు కాళ్ళ కోసం వెతికారు. అన్నీ అందులోనే మాస్టారూ అంటే మొహం చిన్నబుచ్చుకున్నారు. అప్పుడు చెప్పాను: మీరు బోర్డు మీద బొమ్మ వేసి చెప్పిన ఆ 1947 బెల్ ల్యాబ్స్ ట్రాన్సిస్టరు, జనం చేతికి మొదట వచ్చింది వినికిడి యంత్రంలోనే. 1952 చివర్లో, సోనోటోన్ కంపెనీది. ట్రాన్సిస్టరు రేడియో బజారులోకి రావడానికి 1954 దాకా ఆగాల్సి వచ్చింది. ఆయన వాళ్ళమ్మాయి వైపు తిరిగి "చూశావా, వీడు చదువుతున్నాడు" అన్నారు. మా కంపెనీలో ఇచ్చిన అవార్డులు సాలార్‌జంగ్‌లో ఎక్కడో ఉన్నాయి. ఈ మాట నేను ఇంటికెళ్ళి మా ఆవిడకి చెప్పాను, అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను, మా అత్తగారికి కూడా చెప్పాను.

డబ్బులు వద్దంటే ఒప్పుకోలేదు. "గవర్నర్‌పేటలో డయోడు నాకు ఊరికే ఇచ్చారా?" అన్నారు.

ఇక కమిటీవారికి మనవి. మాస్టారు సన్మానానికి వస్తానన్నారు. ఆయన కుర్చీ సౌండు బాక్సుల పక్కన వెయ్యొద్దు. డీజే అసలే వద్దు, భోజనాలప్పుడు కూడా. నా షాపుకి గిరాకీ పెంచాలనుకుంటే తప్ప. మాట్లాడేవాళ్ళు ఆయనకి ఎదురుగా, మొహం కనపడేలా నిలబడండి. చెవి దగ్గరికొచ్చి అరవద్దు. దండ వేసేటప్పుడు కుడి చెవి మీదుగా లాగకండి, మిషను ఊడి పడుతుంది. ప్రవాచకుడు మైకుని నోట్లో పెట్టుకోకుండా జానెడు దూరంలో పట్టుకుంటే చాలు. నీలం స్టిక్కరు బ్యాటరీలు నా జేబులో ఉంటాయి. గ్రూపు ఫోటోలో మాస్టారి కుడి పక్క సీటు నాది, ఇప్పుడే చెబుతున్నా, ఆ రోజు గొడవలొద్దు. చందా ఫోన్‌పేలో పంపాను, బావగారు ఇంకా రసీదు ఇవ్వలేదు.