ఇరవై పది

మా కిండర్‌గార్టెన్ క్లాసులో 24 మంది. ఇళ్ళల్లో మాట్లాడే భాషలు ఐదు: తెలుగు, హిందీ, ఉర్దూ, తమిళం, ఒడియా. ప్రశ్న అడిగితే మాత్రం అందరూ చేసేది ఒకటే, చెయ్యెత్తడం. నా ప్రశ్న పూర్తి కాకముందే ఇరవై చేతులు లేస్తాయి. ఆకు ఏ రంగులో ఉంటుందని అడిగి, "నువ్వు చెప్పు నాన్నా" అన్నానా, ఆ బాబు లేచి నిలబడి, "టీచర్, నా పన్ను కదులుతోంది" అంటాడు. ఇంకో పదిమంది నోట్లో వేళ్ళు పెట్టుకుని తమ పళ్ళు కదిపి చూసుకుంటారు. ఇక ఆ పూట ఆకు సంగతి అయిపోయినట్టే.

రోజూ పొద్దున్నే గుండ్రంగా కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో అంకె చెప్పుకుంటూ పోతాం. ఓ రోజు ఇరవై తొమ్మిది అయ్యాక ఈ పన్ను బాబు వంతు వచ్చింది. ధీమాగా "ఇరవై పది!" అన్నాడు.

"తప్పు, ముప్పై" అని ఠక్కున అనేసి పక్కవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాను. ఆ తర్వాత రెండు రోజులు వాడు చెయ్యెత్తలేదు. పన్ను ఊడిన సంగతి కూడా వాళ్ళమ్మ చెబితేనే తెలిసింది.

ఆలోచిస్తే నాకే సిగ్గేసింది. ఇరవై ఒకటి, ఇరవై రెండు అని వరస అలవాటు చేసింది నేనే. తొమ్మిది తర్వాత పది అని నేర్పిందీ నేనే. బట్టీ పట్టిన పిల్లాడైతే "ఇరవై పది" అనడు. వాడు లెక్క కట్టి చెప్పాడు.

ఇంట్లో హిందీ మాట్లాడే పాప అక్కడే ఇంకోలా తడబడేది. ఇరవై ఎనిమిది తర్వాత "ముప్పై తొమ్మిది" అనేది. ధ్యాస లేదనుకునేదాన్ని. హిందీలో 29 అంటే ఉన్‌తీస్, ముప్పైకి ఒకటి తక్కువ అని. 19 ఉన్నీస్, 39 ఉన్‌తాలీస్, 79 దాకా అన్నీ అదే వరస. తొమ్మిది దగ్గరికి వచ్చేసరికే తర్వాతి పది ఆ పాప నోట్లోకి వచ్చేస్తుంది మరి! ఇన్నాళ్ళూ ఇద్దరికీ ఒకే ఇంటూ మార్కు పెట్టాను.

తల్లిదండ్రులు మాత్రం "వంద దాకా వచ్చేసిందా?" అనే అడుగుతారు. వంద దాకా గడగడా చెప్పేవాళ్ళు నా క్లాసులో నలుగురున్నారు. గుండీలు లెక్కపెట్టమంటే వేలు ఏడో గుండీ మీద ఉండగానే నోరు పదకొండుకి పోతుంది. రెండు వరసల్లో ఆరేసి గుండీలు పేర్చి, వాళ్ళ ఎదుటే ఒక వరసలోని గుండీల్ని ఎడం ఎడంగా జరిపితే "ఇందులోనే ఎక్కువున్నాయి" అని ఒట్టు పెట్టి మరీ చెబుతారు. చిన్నపిల్లలకి ఇలాగే అనిపిస్తుందని స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త పియాజే ఎప్పుడో రాసిపెట్టాడు. ట్రైనింగులో చదివి, పరీక్షలో రాసి, మార్కులు కూడా తెచ్చుకున్నాను. క్లాసులోకి వచ్చాక అదంతా ఎటు పోయిందో!

మూడో రోజు గుండీల డబ్బా, కొన్ని ప్లాస్టిక్ గ్లాసులు తీశాను. గ్లాసుకి పది గుండీలు, అంతకంటే పట్టవని షరతు. పన్ను బాబుని పక్కన కూర్చోబెట్టుకుని, "నీ ఇరవై పది నాకు చూపించు నాన్నా" అన్నాను. కాసేపు నా మొహంలోకి చూశాడు, మళ్ళీ తప్పంటానేమోనని కాబోలు. రెండు గ్లాసులు నింపాడు. మిగతా పదీ చాప మీద వరసగా పేర్చాడు. నేనేం మాట్లాడలేదు. హిందీ పాప ఎప్పుడొచ్చిందో, ఖాళీ గ్లాసు ఒకటి వాడి ముందుకు తోసింది. ఒక్కో గుండీ అందులో వేసి, మూడు గ్లాసులూ వేలితో తాకాడు.

"పది... ఇరవై... టీచర్, ఇది ముప్పై అయిపోయింది!"

"మరి ఇరవై పది?"

"అది కింద ఉన్నప్పుడు" అన్నాడు, ఊడిన పన్ను సందులోంచి నవ్వుతూ.