ఎగ్జాజరేట్: నాలుగు గేట్లెత్తితే 26 అన్నట్టు

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ టైర్-1లో (మొదటి దశ) ఇంగ్లిష్ ప్రశ్నలు 25. రైటుకు 2 మార్కులు, తప్పుకు అర మార్కు కోత. రాని పదాన్ని ఎట్లాగూ వదిలేస్తాం. కోత పడేదల్లా వచ్చనుకున్న పదాల దగ్గరే. ఎగ్జాజరేట్‌కు 'ఎక్కువ చేసి చెప్పడం' అని రాసుకుని, పక్కనే ఎంబెలిష్, ఫ్యాబ్రికేట్, బ్రాగ్ అన్నీ సినానిమ్స్ కింద పేరుస్తారు. అవన్నీ ఒకే ప్రశ్నలో ఆప్షన్లుగా వస్తే ఆ నోట్సు చేతులెత్తేస్తుంది.

మన నాగార్జునసాగర్‌కు 26 క్రస్ట్ గేట్లు. అందులో నాలుగే ఎత్తారనుకోండి. చూసొచ్చినాయన "మొత్తం ఎత్తిన్రు" అంటే ఎగ్జాజరేట్. గోరంతను కొండంత చేశాడు, కానీ గోరంతయినా నిజం ఉంది. నాలుగే అని చెప్పి, చేపలు బ్రిడ్జి మీదికి ఎగిరిపడ్డాయని చిలవలు పలవలు అల్లితే ఎంబెలిష్. ఒక్క గేటూ ఎత్తకుండానే ఎత్తారంటే ఫ్యాబ్రికేట్. "ఇంజినీరు నన్నడిగే ఎత్తిండు" అంటే గప్పాలు, అంటే బ్రాగ్. ఇరవై ఎత్తితే "ఏదో ఒకటి రెండు" అని తేల్చేస్తే అండర్‌స్టేట్, ఇదే యాంటోనిమ్. అసలైన సినానిమ్ ఓవర్‌స్టేట్. అది ఆప్షన్లలో ఉంటే ఎంబెలిష్ జోలికి పోవద్దు.

అంతకంటే పెద్ద గుంత ఎగ్జాసర్బేట్. చూపుకు కవల పిల్లే. నల్లగొండ ఫ్లోరైడ్ సమస్యను ఎగ్జాజరేట్ చేశారంటే మాటల్లోనే పెరిగింది. ఎగ్జాసర్బేట్ చేశారంటే సమస్యే ముదిరింది. ఎగ్జాస్పరేట్ వేరే దారి: మనిషిని విసిగించి ఓపిక పోగొట్టడం. దాని కర్మ (ఆబ్జెక్ట్) దాదాపు ఎప్పుడూ మనిషే కాబట్టి, ఖాళీ పూరించే ప్రశ్నలో ఖాళీ తర్వాత సమస్యో లెక్కో ఉంటే దాన్ని ముందే కొట్టేయొచ్చు.

స్పెల్లింగ్‌లో ఒక 'జి' మింగేయడం మామూలే. లాటిన్‌లో 'అగ్గర్' అంటే కుప్ప, ఈ క్రియ దాన్నుంచే వచ్చింది. కల్లంలో వడ్లు పోగేసినట్టు మాట మీద మాట పోయడం. 'అగ్గర్' గుర్తుంటే రెండు 'జి'లూ గుర్తుంటాయి. పలికేటప్పుడు మాత్రం ఆ రెండిటికీ కలిపి ఒకే 'జ'; 'ఎగ్జాగరేట్' అనొద్దు.

ఎర్రర్ ప్రశ్నల్లో దీని ముందు 'ఓవర్' తగిలించి ఇస్తే అక్కడే గీత పెట్టండి. 'ఎక్కువ' అనే అర్థం క్రియలోనే ఉంది (మాటల్లో ఇంగ్లిష్‌వాళ్లూ అంటారు, పరీక్షకు అది చెల్లదు). ముందు నప్పే మాటలు గ్రాస్‌లీ, గ్రేట్‌లీ, వైల్డ్‌లీ.

వన్ వర్డ్‌లో (వివరణకు బదులు ఒకే పదం) 'ఎక్కువ చేసి చెప్పిన మాట' అని అడిగితే జవాబు హైపర్‌బలీ, మన అతిశయోక్తి. చివర్లో 'బోల్' అని చదివేవాళ్లు చాలామంది, అది 'బలీ'.