తెల్లవారుజామున తీరం వెంట

మూడు నెలలుగా సరిగ్గా నిద్ర పట్టక, మందుల జోలికి వెళ్ళేముందు ఒక ప్రయత్నం చేద్దామని, రోజూ తెల్లవారగానే ఆర్కే బీచ్‌లోని కాళీమాత ఆలయం నుంచి కురుసుర జలాంతర్గామి మ్యూజియం మీదుగా వుడా పార్కు వరకు నడవడం మొదలుపెట్టి నేటికి 40 రోజులు. ఉదయపు వెలుగు కంటికి తగిలితే ఒంట్లోని గడియారం సర్దుకుని రాత్రి వేళకు నిద్ర వస్తుందని ఎప్పుడో చదివాను గాని, పదిన్నరకే కళ్ళు మూతలు పడసాగాకే నమ్మకం కుదిరింది. తడి ఇసుకలో చెప్పులు చేతపట్టుకుని నిలబడినప్పుడు, వెనక్కి మళ్ళే అల పాదాల కింది ఇసుకను మెల్లగా లాగేసుకునే ఆ క్షణంలో, మనసులోని ఆందోళనంతా ఆగిపోతుంది. ఇంగ్లాండులో దాదాపు 20,000 మంది సమాధానాలను పరిశీలించి 2019లో వెలువరించిన అధ్యయనంలో, వారానికి కనీసం 120 నిమిషాలు ప్రకృతిలో గడిపినవారే తమ ఆరోగ్యం బాగుందని ఎక్కువగా చెప్పారు. మోకాళ్ళ బిగువూ తగ్గింది. నిన్న అమ్మను కూడా వెంట తీసుకువెళ్ళాను. ఒడ్డుకు వల లాగుతున్న మత్స్యకారులను చూస్తూ ఆమె అరగంట సేపు అక్కడి నుంచి కదలలేదు.