విటమిన్ డి: 11

"రోజూ కాసేపు ఎండలో నిలబడు, అదే వస్తుంది" అంది అక్క రిపోర్టు చూడగానే. మిల్లీలీటరుకు 11 నానోగ్రాములు. 20 కంటే తగ్గితేనే లోపం అంటారు.

నాది క్రోన్స్, అంటే పేగులు వాచే దీర్ఘకాలిక జబ్బు. చిన్నపేగు చివరి భాగం వాచి ఉంటే పిత్త లవణాలను ఒంట్లోకి తిరిగి తీసుకోలేదు. అవి తగ్గితే కొవ్వు సరిగ్గా అరగదు, కొవ్వులో కరిగే డి కూడా దాంతోపాటే బయటికి పోతుంది. చాలదన్నట్టు, జబ్బు తిరగబెట్టినప్పుడల్లా వాడిన స్టెరాయిడ్లు ఎముకల్ని గుల్ల చేస్తాయి.

ఇక ఎండ సంగతి. ఈ జబ్బుకు నేను వేసుకునే, రోగనిరోధక శక్తిని తగ్గించే మందు అజాథయోప్రిన్‌తో చర్మ క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది, అందుకే ఎండలో ఎక్కువ తిరగొద్దంటారు డాక్టర్. ఎవరి మాట వినాలి చెప్పండి!

ప్రస్తుతానికి మాత్రలు రాశారు. ఎముకల స్కాన్ కూడా చేయించమన్నారు, దానికే కొంచెం టెన్షన్.