బుష్ వాక్ రోజు మా డ్యూటీ

వెస్ట్ ఆక్లాండ్‌లో ఒక ప్రైమరీ స్కూల్లో టీచర్ ఎయిడ్‌గా, అంటే క్లాసులో టీచరుకి సాయంగా చేస్తున్నా, గంటల లెక్కన జీతం, సెలవులొస్తే అదీ ఉండదు. అయినా క్లాసుని వైటాకెరె కొండల బుష్‌కి, అదే అడవికి, తీసుకెళ్ళే రోజంటే మాత్రం పొద్దున్నే హుషారొచ్చేస్తుంది.

ముందు కాగితాల పని చాలానే ఉంటుందిలెండి, ఎవరికి ఏ ఎలర్జీ, ఎవరి ఇన్‌హేలర్ ఎవరి బ్యాగులో, వాన పడితే ఏంటి, దారి తప్పితే ఏంటి అన్నీ రాయాలి. పాముల మాట మాత్రం ఎక్కడా ఉండదు, న్యూజిలాండ్ నేల మీద పాములే లేవు కదా. ఫోన్లో మా అమ్మకి ఎన్నిసార్లు చెప్పినా నమ్మదు, "పురుగూ పుట్రా లేని అడవేంటే, చూసుకుని నడు" అంటుంది.

అసలు పని గేటు దగ్గర మొదలవుతుంది. ఇక్కడి కౌరి చెట్లకి మట్టిలో పాకే తెగులొకటి పట్టింది, వేర్ల నుంచి చంపేస్తుంది, నయం చేసే మందు ఇంకా లేదు. 2017లో అక్కడి మూలవాసులైన మావోరిల్లో తే కవెరావ్ అ మాకి అనే తెగ వాళ్ళు రాహుయి, అంటే తమ ఆచారం ప్రకారం నిషేధం, పెట్టి ఎవరూ అడవిలోకి రావద్దన్నారు, మరుసటి ఏడు కౌన్సిల్ కూడా చాలా దారులు మూసేసింది, తర్వాత చెక్క బాటలేసి మెల్లగా తెరుస్తూ వచ్చారు. అందుకే లోపలికి వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ బూట్లు బ్రష్‌తో గీకి మందు స్ప్రే చేయాలి. ఏడేళ్ళ పిల్లల బూటు సందుల్లో మట్టి గీకేది ఎవరంటారు, మేమే!

లోపలికెళ్తే ఫ్యాన్‌టెయిల్ పిట్టలు మన వెంటే ఎగురుతుంటాయి, మనం నడిస్తే లేచే పురుగుల కోసమట. నాకైతే కవకవ మొక్క దగ్గర కాళ్ళు ఆగిపోతాయి, ఆకు అచ్చం తమలపాకే, ఉత్తినే పోలిక కాదు, రెండూ మిరియాల కుటుంబమే. పురుగు కొరికి చిల్లులు పడ్డ ఆకులే మందుకి మంచివని ఒక మావోరి పాప చెప్పింది, వాళ్ళ నానమ్మ వాటితోనే టీ కాస్తుందట. మా ఊళ్ళో తాంబూలానికి చిల్లు లేని ఆకు ఏరతాం అన్నాను, ఆ పిల్ల నన్ను జాలిగా చూసింది.

మర్నాడు రైటింగ్‌లో ఏం చూశారో రాయమంటే సగం మంది పిట్టనీ వదిలేశారు, చెట్టునీ వదిలేశారు, బూట్ల స్ప్రే గురించే పేజీ నింపారు.